మా ఆయన మిగుల్చుకున్న గొంతు

మా ఇంట్లో గొంతు బొంగురుపోవడాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. మా ఆయన రామచంద్రప్ప సైన్యంలో చాలా ఏళ్ళు కొత్తగా చేరిన కుర్రాళ్ళకు కవాతు నేర్పారు. అలా నేర్పేవాళ్ళను అక్కడ ఉస్తాద్ అంటారు. మైదానం ఈ చివర నిలబడి ఆయన అరిస్తే ఆ చివరి వరసలో కుర్రాడి కాలు లేవాలి. మైకు ఉండదు. సాయంత్రానికి గొంతు బాగున్న ఉస్తాద్‌ను తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళట, ఈరోజు నిద్రపోయినావా అని. కలకండ, మిరియాలు బుగ్గన పెట్టుకుని పడుకోవడం, పొద్దున లేచి మళ్ళీ అరవడం. సెలవుకు ఇంటికి వస్తే మొదటి వారమంతా ఆయన మాటలో సగం గాలే ఉండేది. పెళ్ళైన కొత్తలో నేను భయపడితే నవ్వేవారు. ఆయన సుబేదారుగా రిటైరై చింతామణిలో స్థిరపడి చాలా ఏళ్ళైంది. అందుకే ఆయన గొంతు మళ్ళీ మారినప్పుడు ఇంట్లో మేము వెతికింది కలకండ డబ్బానే.

ఇది రాయడానికి రెండు కారణాలున్నాయి. నా లోపల ఉన్నదాన్ని ఒక వరసలో పెట్టుకుంటే కొంచెం నిలదొక్కుకుంటానేమోనన్నది ఒకటి. మీ ఇంట్లో ఎవరికైనా గొంతు మారి మూడు నాలుగు వారాలైనా సరికాకపోతే, కారణం మాకు తెలుసులే అని కూర్చోవద్దని చెప్పడం రెండోది. వీరుడు, త్యాగం లాంటి మాటలు ఇందులో లేవు. ఆయన్ను పంపించిన రోజు అవి చాలా విన్నాను. విన్న ప్రతిసారీ ఆ మనిషి నాకు ఇంకొంచెం దూరమైనట్టు అనిపించింది.

బళ్ళు తెరిచిన నెల

ఉగాదికి మొదలైన బొంగురు జూన్‌కు కూడా పోలేదు. నేను ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, సంవత్సరాన్ని ఇప్పటికీ బళ్ళ లెక్కతోనే గుర్తుపెట్టుకుంటాను. ఆ జూన్‌లో ఒకరోజు సీనప్పతో కలిసి బెంగళూరు పోయి మిలిటరీ క్యాంటీన్ సామాన్లు తెస్తానని వెళ్ళారు. సామాన్లు తెచ్చారు. ఆ సాయంత్రమంతా ఏమీ మాట్లాడలేదు.

సీనప్పది బాగేపల్లి. హైవే పక్కన టైర్ల అంగడి ఉంది. మా ఆయన కవాతు నేర్పిన మొదటి కుర్రాళ్ళలో ఒకడు. తర్వాత కొండల మీద జరిగిన యుద్ధంలో ఇద్దరూ ఒకే దళంలో ఉన్నారు. తనకూ మనవళ్ళు పుట్టారు, అయినా మా ఆయన్ను ఉస్తాద్ అనే పిలుస్తాడు. నన్ను వదినా అంటాడు. మా ఇంట్లో వంటింటి దాకా వచ్చే మగవాడు అతనొక్కడే.

తర్వాతి వారం ఇద్దరూ కలిసి నాకు ఒక సంగతి చెప్పారు. బెంగళూరులో సెక్యూరిటీ గార్డులకు శిక్షణ ఇచ్చే కంపెనీ ఒకటి ఉందట. కవాతు నేర్పడానికి పాతవాళ్ళు కావాలట. రెండు నెలల పని, అక్కడే బస, శనివారం ఇంటికి రావచ్చు. ఈ గొంతుతోనా అన్నాను.

"ఉస్తాద్ అరిసేది లేదు వదినా," అన్నాడు సీనప్ప. "కర్ర పట్టుకోని నిలబడితే చాలు, అరిసేది నేను. ఆయప్ప నిజంగా అరిస్తే ఆ గార్డులు ఉద్యోగం ఇడిసిపెట్టి పారిపోతారు."

ముగ్గురం నవ్వాము.

ఆ ఎండాకాలంలా కాసిన వానకాలం

శనివారాలు వచ్చేవారు. రెండో వారానికి మెడ ముందు భాగం నల్లబడింది. మైదానంలో నీడ లేదన్నారు. సోమవారం తీసుకుపొమ్మని అంచు వెడల్పుగా ఉన్న టోపీ కొన్నాను. ఆయన దాన్ని తల మీద పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు, బాగుందన్నారు.

నోట్లో పుండ్లు వచ్చాయి. అక్కడి నీళ్ళు పడలేదన్నారు. రాగి ముద్ద, బస్సారు పులుసు అంటే ప్రాణం పెట్టే మనిషి రాగి గంజి మాత్రం తాగుతున్నారు. అది కూడా ఒక్కొక్క గుక్కకు కళ్ళు మూసుకుని. మెస్సులో చప్పిడి తిండి అని చెబితే మామిడికాయ ఊరగాయ సీసాలో పెట్టి పంపాను. శనివారం సీసా ఖాళీగా తిరిగొచ్చింది. తింటున్నారని సంతోషపడి మళ్ళీ నింపాను.

ఒకసారి సూటిగా అడిగాను, మీకు ఏమైనా ఉందా అని.

"ఏమీ లేదు లలితా. బాగుండాది."

నేను ఎందుకు నమ్మానో చెప్పాలి. యుద్ధం నడిచిన ఆ ఎండాకాలం ఆయన రాసిన ఉత్తరాలన్నిటిలో ఒకటే సంగతి ఉండేది: ఇక్కడ బాగుంది, తిండి బాగుంది, చలి పెద్దగా లేదు. తర్వాత సెలవుకు వచ్చి మంచం మీద కూర్చుంటే నేను మేజోళ్ళు తీశాను. కుడికాలికి రెండు వేళ్ళు లేవు. మంచు తినేసింది. అప్పుడు నేను ఏడవలేదు. ఇంకోసారి ఇట్లా చేస్తే మీ మాట ఏదీ నమ్మనని చెప్పాను. ఆయన మా కూతురు రేవతి తల మీద చెయ్యి పెట్టి, ఏదైనా ముందు నీకే చెబుతానని ఒట్టు వేశారు. అప్పుడు రేవతికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ ఒట్టు ఉంది కాబట్టి ఆయన బాగుండాది అంటే నాకు బాగున్నట్టే.

కార్తీకం

శిక్షణ పని అయిపోయిందని దసరాకు ముందే ఇంటికి వచ్చేశారు. కొంచెం తినగలిగారు. గొంతు కూడా కాస్త విచ్చుకుంది. కార్తీకంలో చలి మొదలయ్యాక ఊపిరి తీస్తే ఈల లాంటి శబ్దం రావడం మొదలైంది. ఒక పొద్దున ఉమ్మిలో రక్తం పడింది. ఆయన వద్దంటున్నా ఆటో పిలిచి చింతామణిలోనే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కన్నడంలో మాట్లాడింది. ఆయన కాలరు కిందికి జరిపి మెడ చూసి, రేడియేషన్ ఎక్కడ చేయించుకున్నారని అడిగింది. అది ఎండకు కమిలిందని నేనే జవాబు చెప్పాను. బెంగళూరులో కవాతు నేర్పడానికి వెళ్ళారని కూడా చెప్పాను. ఆమె నా ముఖం చూసింది, తర్వాత ఆయన ముఖం చూసింది. ఆయన గోడ మీద అంటించిన పిల్లల టీకాల పటం చూస్తున్నారు.

అంతకంటే ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. నేను ముప్పై మంది పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకుని బతికినదాన్ని, తప్పు చేసినవాడు గోడ వైపు ఎట్లా చూస్తాడో నాకు తెలుసు.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఆయన అన్న మాట, సీనప్పకు ఫోన్ చెయ్యి అని. చేశాను. ఎక్కడినుంచి మాట్లాడుతున్నానో చెప్పాను. వెనక లారీల చప్పుడు వినిపించింది. తర్వాత "వస్తాండా వదినా" అని పెట్టేశాడు. చిక్కబళ్ళాపురంలో ఉన్న మా రేవతికి చేశాను. ఆమె బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది, తండ్రికి ఇలా ఉందని చెబితే పని వదిలి పరిగెత్తి వస్తుందని మెల్లగా మొదలుపెట్టాను.

"అమ్మా," అంది. "నాన్నే చెప్పొద్దన్నాడు."

చికిత్స జరిగిన రోజుల్లో మధ్యలో ఓపిక లేనప్పుడు ఆయన రేవతి ఇంట్లో పడుకున్నారట. అల్లుడికి తెలుసు. అల్లుడి తల్లికి తెలుసు. ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే.

బెంగళూరు

ఆయన రేడియేషన్ చేయించుకున్న ఆసుపత్రి పేరు రాయను, వాళ్ళ తప్పేమీ లేదు. కింద పెద్ద హాలు, వరసగా ఇనుప కుర్చీలు. నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. గొంతుకు, నోటికి సంబంధించినవాళ్ళంతా ఒకే వైపు కూర్చుంటారు కాబట్టి ఆ వైపు మాటలు తక్కువ.

మేము లోపలికి పోగానే చాలామంది ఆయన్ను చూసి చెయ్యి ఎత్తారు. ఒక ముసలాయన లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆయన ఫిరంగుల దళంలో పనిచేసినవాడట, రెండు చెవులూ వినపడవు. చెప్పేది ఏదైనా గట్టిగా చెబుతాడు. ఆ దేవుడు నాకు చెవులు తీసుకున్నాడు, నీకు గొంతు తీసుకుంటున్నాడు, మనిద్దరం కలిస్తే మాటకు పనే లేదప్పా అని హాలంతా వినపడేలా అన్నాడు. మా ఆయన నవ్వారు. ఇంట్లో ఆ నవ్వు నేను చూసి నెలలైంది.

పక్క కుర్చీలో ఒకామె జరిగి నాకు చోటిచ్చింది. సాదలి నుంచి వచ్చామని, పట్టుపురుగులు మేపుతామని, భర్తకు నాలుక మీద పుండని చెప్పింది. నేను ఎవరినో తెలిశాక నన్ను తేరిపార చూసింది.

"ఆ మామిడికాయ ఊరగాయ మీదేనామ్మా? సోమారం సోమారం ఉస్తాదప్ప మా అందరికీ పంచుతా ఉన్యాడు. ఆయప్పకు యాడ తినేకయ్యేది, నోరంతా పుండ్లు. మేము మీరు లేరేమో అనుకున్యాము. భార్య ఉండేవాడు ఒంటిగా ఎందుకొస్తాడు అని."

ఆమె తప్పుగా ఏమీ అనలేదు. తన డబ్బాలోని మజ్జిగన్నం నాకు సగం పెట్టింది. నేను తిన్నాను కూడా. కానీ ఆ హాలులో ఆయనకు ఒక జీవితం ఉందని, అందులో నేను చనిపోయి ఉన్నానని అప్పుడు తెలిసింది.

పెద్ద డాక్టరు నెమ్మదస్తుడు. నేను అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. జూన్‌లోనే మేము ఆపరేషన్ చేద్దామన్నామమ్మా, స్వరపేటిక తీసేస్తే మాట పోతుంది కానీ బతికే అవకాశం ఎక్కువ అని చెప్పాము, ఆయన ఒకరోజు గడువు అడిగి వద్దన్నారు. రేడియేషన్ చాలన్నారు. ఇప్పుడు అది పక్కలకు పాకింది, ఆపరేషన్‌కు దాటిపోయింది. ఆయనతో అప్పుడు ఎవరున్నారని అడిగాను. తమ్ముడు ఉన్నారన్నాడు.

ఆయనకు తమ్ముళ్ళు లేరు. తమ్ముడు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

నేను పోయి సీనప్ప పక్కన నిలబడ్డాను. అతను తల ఎత్తలేదు. వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాడు. దళంలో ఎవరికి ఏమైనా ఇంటికి మంచి మాటే పోవాలి. చేతికి కట్టు కట్టుకున్నవాడి ఉత్తరం పక్కవాడు రాసేవాడట, దస్తూరి మారితే ఇంట్లో అనుమానం వస్తుందని అక్షరాలు దిద్ది మరీ రాసేవాడట.

"కొండ పైన ఒకనికి కడుపులో గుండు తగిలె వదినా. నీకేం కాలేదురా, కిందికి తీసకపోతాము అని వాడు పోయేదాకా ఉస్తాద్ చెప్తానే ఉన్యాడు. దిగినాక వాళ్ళమ్మతో, నొప్పి లేకుండా పోయినాడమ్మా అని చెప్పినాము. మాకు తెలిసిండే మర్యాద అదే."

"నేను యుద్ధంలో లేను సీనప్పా," అన్నాను. "చింతామణిలో ఉన్నాను. బస్సెక్కితే వచ్చేదాన్ని."

అతను అంగడి మూసేసి ఆ వారాలన్నీ ఆయనతో ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. వాంతులు ఎత్తాడు, స్నానం చేయించాడు, నేల మీద పడుకున్నాడు. అవన్నీ నేను చేయవలసినవి. అందుకే కృతజ్ఞత అనిపించాల్సిన చోట నాకు కోపమే ఎక్కువైంది. నా చేతుల్లోంచి ఎవరో ఏదో లాక్కున్నట్టు.

మార్గశిరం, ఇంట్లో

ఆయనతో మాట్లాడటానికి కొన్ని రోజులు పట్టింది. అప్పటికి ఆయన మాట గుసగుస అయింది. ఒక మధ్యాహ్నం గంజి తాగించి గిన్నె పక్కన పెట్టి అడిగాను, ఆపరేషన్ ఎందుకు వద్దన్నారని.

"గొంతు లేకుంటే నీతో ఎట్ల మాట్లాడేది?"

"రాసి చూపించుంటే చాలు. జన్మంతా చదువుతానే ఉన్నా కదా."

ఆయన దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదని ముఖం చూస్తే తెలిసింది. నేను ఆగలేదు.

"ఆ గొంతు మిగుల్చుకుని నాతో ఏం మాట్లాడారు? ఎండ ఎక్కువ, నీళ్ళు పడలేదు, బాగుండాది. ఇంతే కదా."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను గిన్నె తీసుకుని లేచాను. ఆ మాట అన్నందుకు చింత లేదు. చికిత్సలో నా అభిప్రాయం అడగలేదన్న బాధ తర్వాతిది. మూగవాడైన భర్త నాకు సరిపోడని ఆయన నా తరఫున నిర్ణయించేశారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అంతే చూశారా అన్నది మొదటి బాధ.

రేవతి శనివారాల్లో వచ్చేది. నాన్న ఇష్టం అమ్మా, ఇప్పుడు తవ్వి ఏం లాభం అనేది. ఆమె పండ్ల రసం తీసి ఇస్తే నేను తాగించేదాన్ని. మా ఇద్దరి మధ్య మాట మందుల దగ్గర మొదలై మందుల దగ్గరే ఆగిపోయేది. ఇప్పటికీ కూరగాయల గురించి బాగానే మాట్లాడుకుంటాము.

ఆ రోజుల్లోనే టీవీలో మళ్ళీ సరిహద్దు గొడవ. పక్కింటి నంజుండప్ప వచ్చి మంచం దగ్గర కుర్చీ వేసుకుని, ఈసారి ఒదిలిపెట్టకూడదు కదా సుబేదారప్పా అని ఉత్సాహంగా అడిగాడు. మా ఆయన గుసగుసగా, నువ్వు పోతావా అన్నారు. నాకు మోకాళ్ళ నొప్పులప్పా అన్నాడు నంజుండప్ప. అయితే మోకాళ్ళు బాగైనాక మొదలుపెడదాంలే అని మా ఆయన టీవీ ఆపమన్నారు.

అతను వెళ్ళాక నాతో యుద్ధం గురించి మొదటిసారి మాట్లాడారు. ఒక్కో వాక్యానికీ ఆగి. ఆ కొండ మీద అవతలివాళ్ళు కొద్దిమందే ఉన్నారని చెప్పి తమను ఎక్కించారట. ఎక్కాక తెలిసిందట ఎంతమంది ఉన్నారో. చెప్పినవాళ్ళకు ముందే తెలుసని తర్వాత అర్థమైందట.

"మాకు పైనుంచి అబద్ధం. మేము ఇంటికి అబద్ధం. ఆ పక్కోళ్ళూ అంతేలే. వాళ్ళు ఇడిసిపెట్టి పోయిన చోట ఒక కాగితం దొరికె. చదవడం వచ్చినోడు చెప్పినాడు, ఈడంతా బాగుండాదమ్మా అని రాసుకున్యాడంట."

కొంతసేపటికి, "వాడు ఉండాడో లేదో," అన్నారు.

ఫాల్గుణం

ఊపిరి ఆడక మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మాట పూర్తిగా పోయింది. ఏ గొంతు కోసం ఆపరేషన్ వద్దన్నారో ఆ గొంతు పోయింది. ఇంటికి తెచ్చాక మా బీరువాలోంచి ఒక పలక తీసి ఆయన చేతికిచ్చాను.

మొదట్లో చిన్న మాటలు రాసేవారు. దుప్పటి. ఫ్యాన్ ఆపు. రేవతి ఎప్పుడొస్తుంది. ఎట్లుంది అని అడిగితే బాగుండాది అని రాసేవారు. నేను చదివి, ఏమీ అనకుండా, చేత్తో తుడిచి పలక మళ్ళీ ఇచ్చేదాన్ని. ఆయన మళ్ళీ అదే రాసేవారు. నేను మళ్ళీ తుడిచేదాన్ని. పిల్లల దగ్గర కూడా నేను ఇంతే, జవాబు తప్పైతే చెప్పను, పలక తిరిగి ఇస్తాను.

ఒకరోజు ఎండ గడప దాటి లోపలికి వచ్చిన వేళ, అదే ప్రశ్న అడిగాను. ఆయన బలపం పట్టుకుని చాలాసేపు ఊరికే ఉన్నారు. తర్వాత రాశారు.

భయంగా ఉండాది.

నేను దాన్ని తుడవలేదు. మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నాను. దేనికి భయం అని అడిగాను. ఊపిరి ఆగిపోయే క్షణానికి అని రాశారు. నొప్పి ఎక్కడ ఉందో రాశారు. నీకు చెప్పకపోతే జబ్బు ఇంట్లోకి రాదనుకున్నానని రాశారు. ఆ తర్వాతి రోజుల్లో ఆయన ఒక్క అబద్ధం రాయలేదు. నొప్పి ఉంటే నొప్పి అని, నువ్వు వెళ్ళొద్దు అని ఉంటే అదే. నేను కూడా నాకు కోపం ఇంకా ఉందని చెప్పాను. తెలుసు అని రాశారు. ఇది ముందే చెప్పి ఉంటే ఆ తొమ్మిది నెలలూ కలిసి గడపగలిగేవాళ్ళం. మాకు ఒక పక్షం దక్కింది.

ఉగాదికి ముందే పోయారు. అప్పుడు ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత

సీనప్ప ప్రతి మాసికానికీ వచ్చాడు. గుమ్మం దగ్గర పని చూసుకుని, భోజనం చేసి, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నేనూ పిలవలేదు. నాలుగో మాసికం రోజు అందరూ వెళ్ళాక అతన్ని కూర్చోమన్నాను. నీ మీద కోపం పోలేదని ముందే చెప్పాను. కానీ ఆ వారాలు నావి, నీ దగ్గర ఉన్నాయి, నాకు చెప్పు అన్నాను.

అతను చెప్పాడు. ఏ బస్సులో వెళ్ళేవారో, కిటికీ సీటు ఎవరిదో. ముఖానికి వల లాంటి జాలీ తొడిగి బల్లకు బిగించి యంత్రం కింద పడుకోబెట్టేవారని. మొదటి వారం ఒకరోజు ఆయన బయటికి వచ్చి, మెట్ల దాకా నడిచి, కూర్చుని, సీనప్ప చొక్కా పట్టుకున్నారని.

"నన్ను పట్టుకోని అన్యాడు వదినా. భయంగా ఉండాది సీనా అని. కొండ మీద కూడా ఆ మాట ఎప్పుడూ అనలేదు."

ఎట్లా అన్నారని అడిగాను. గట్టిగానా, మెల్లగానా, బొంగురుగానా. సీనప్ప ఆ మాటను ఆయనలా అనబోయి నోరు తెరిచాడు. ఆ గొంతు రాలేదు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను లోపలికి పోయి అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చాను.

నాతో మాట్లాడటానికే గొంతు మిగుల్చుకున్నానని ఆయన చెప్పారు. ఆ ఒక్క నిజమైన మాటను ఆ గొంతులో విన్నది సీనప్ప. నేను చదివాను.